ఐదు ఫైళ్లు, రెండు సీట్లు: ఫస్టియర్ ఎథిక్స్ క్లాసులో ఒక కేసు నడిచిన తీరు

కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు అప్లైడ్ ఎథిక్స్, అంటే నిజ జీవిత సమస్యల్లో మంచీచెడూ ఆలోచించే నీతిశాస్త్రం, చెప్పడం నా పని. ఇది కోరి తీసుకున్నవాళ్లు తక్కువ, తప్పనిసరి పేపరు కాబట్టి వచ్చి కూర్చునేవాళ్లే ఎక్కువ. కంప్యూటర్స్ వాళ్లు, కామర్స్ వాళ్లు, లైఫ్ సైన్సెస్ వాళ్లు ఒకే గదిలో ఉంటారు. మొదటి వారంలో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "మంచీచెడూ ఎవరి అభిప్రాయం వాళ్లది, ఇందులో చదవడానికేముంది?" రెండోది, "ఇదంతా కామన్ సెన్సే కదా మేడం." ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అయినా ఒకే విద్యార్థి ఒకే గంటలో రెండూ అనేయగలడు.

ఆ తరగతిలో సగం సెమిస్టరు పాటు నడిపిన ఒకే ఒక్క కేసు గురించి ఇక్కడ రాస్తున్నాను. దాన్ని ఎందుకు ఎంచుకున్నానో, పిల్లలు ఎక్కడ తడబడ్డారో, ఏ అభ్యాసం పనిచేసిందో చెబుతాను. నా వాదన ముందే చెప్పేస్తాను. కొత్త విద్యార్థి జవాబు దగ్గరికి చాలా త్వరగా చేరిపోతాడు, ఆ విషయంలో మన సాయం అక్కర్లేదు. మనం అలవాటు చేయాల్సింది, చేతికిచ్చిన ప్రశ్ననే అటూ ఇటూ తిప్పి, దీన్ని ఎవరు ఇలా తయారుచేశారు, ఇందులో ఏం వదిలేశారు అని అడగడం. నిజంగా జరిగిన కేసు ఆ పని చేయిస్తుంది. కల్పించిన కేసు చేయించడం అరుదు.

కేసు ఎంపిక

ఎథిక్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ట్రాలీ, అంటే పట్టాల మీద నడిచే బండి. అదుపు తప్పిన ట్రాలీ ఐదుగురి మీదికి దూసుకుపోతోంది, పట్టా మారిస్తే ఒక్కరే చనిపోతారు, మారుస్తావా లేదా? తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో రాసిన వ్యాసంలోంచి వచ్చిందిది. ఆవిడ అప్పుడు చర్చిస్తున్నది గర్భస్రావం గురించి. కావాలని చేసే హానికీ, జరుగుతుందని తెలిసినా మనం ఉద్దేశించని హానికీ తేడా ఉందా అన్నది ఆవిడ ప్రశ్న. కాలక్రమంలో ఆ సందర్భం రాలిపోయి ట్రాలీ ఒక్కటే మిగిలింది. ఫస్టియర్ క్లాసులో దాన్ని ఇస్తే పజిల్‌లా ఆడుకుంటారు. "ఆ ఒక్కడూ హంతకుడైతే?" "ఐదుగురూ ముసలివాళ్లైతే?" సరదాగా ఉంటుంది, గంట గడిచిపోతుంది. కానీ ఆ ట్రాలీని నడిపే సంస్థ ఏదో, బ్రేకులు ఎందుకు పోయాయో, పట్టాల మీద మనుషులు ఎందుకున్నారో ఎవరూ అడగరు. అడిగితే ఆట చెడిపోతుంది.

ఇంకో వైపు చివర టస్కేగీ అధ్యయనం ఉంది. 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామాలో సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను, పోలిక కోసం ఆ జబ్బు లేని మరో 201 మందిని పెట్టుకుని, జబ్బు ముదురుతుంటే రికార్డులు రాసుకుంటూ కూర్చుంది. 1940ల చివరికల్లా పెన్సిలిన్ మామూలు వైద్యమైపోయింది. వాళ్లకు మాత్రం ఇవ్వలేదు. ఇది చెప్పగానే క్లాసంతా ముక్తకంఠంతో తప్పంటుంది, చర్చ అక్కడే ఆగిపోతుంది. దాన్ని నేను సెమిస్టరు చివర్లో వాడతాను. అప్పుడు "ఇది తప్పా?" అని అడగను. "నలభై ఏళ్లపాటు అంతమంది డాక్టర్లు, నర్సులు దీన్ని మామూలు ఉద్యోగంలా ఎలా చేసుకుంటూ పోయారు?" అని అడుగుతాను. మొదట్లో అడిగితే ఆ ప్రశ్న బరువు వాళ్లకు అందదు.

మొదటి కేసు ఎలా ఉండాలంటే, మంచి ఉద్దేశంతో మొదలై ఉండాలి, దాన్ని నడిపినవాళ్లు దుర్మార్గులై ఉండకూడదు, అయినా చదివినవాడికి ఎక్కడో గుచ్చుకోవాలి. అమెరికాలోని సియాటిల్ నగరపు డయాలసిస్ కమిటీ అలాంటిది.

అసలు జరిగింది

కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేయొచ్చని 1940లలోనే తేలింది. నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు 1943లో అలాంటి యంత్రాన్ని రోగుల మీద వాడాడు. చిక్కల్లా రక్తనాళాల దగ్గర వచ్చింది. ప్రతిసారీ కొత్తగా కోసి గొట్టాలు పెట్టాలి. కొన్నిసార్లయ్యాక కోయడానికి చోటు మిగలదు. అందుకని కిడ్నీలు తాత్కాలికంగా ఆగిపోయి మళ్లీ కోలుకునేవాళ్లకే అది అక్కరకొచ్చేది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు టెఫ్లాన్ గొట్టంతో ఒక అమరిక చేశాడు. దాన్ని చేతిలోని ధమనికీ, సిరకీ కలిపి అలాగే ఉంచేసి, అవసరమైనప్పుడు యంత్రానికి తగిలించొచ్చు. దాంతో కిడ్నీలు శాశ్వతంగా పోయినవాళ్లు కూడా ఏళ్లతరబడి బతికే వీలు చిక్కింది. ఆయన మొదటి రోగి పదేళ్లకు పైగా బతికాడు.

1962లో అక్కడ ప్రత్యేక కేంద్రం తెరిచారు. మొదట్లో పడకలు మూడే. ఒక్కో రోగికి ఏడాదికి వేల డాలర్ల ఖర్చు, అదీ బతికినంతకాలం. కావాల్సినవాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముందు వైద్యులు వడపోసేవారు. పిల్లలు వద్దు, 45 ఏళ్లు దాటినవాళ్లు వద్దు, వేరే తీవ్రమైన జబ్బులున్నవాళ్లు వద్దు. ఆ జల్లెడలోంచి వచ్చినవాళ్లలో ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వాళ్ల పేర్లు బయటికి రానివ్వలేదు.

1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన వ్యాసంతో ఇది దేశమంతా చర్చకొచ్చింది. కమిటీ ఏమేం చూసిందో అందులో ఉంది: వయసు, ఆడా మగా, పెళ్లయిందా, ఎంతమంది ఆధారపడి ఉన్నారు, ఆదాయం, ఆస్తి, మానసిక స్థిమితం, చదువు, ఉద్యోగం, ఇంతవరకు సాధించింది, ఇకముందు సాధించగలిగింది. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నవాళ్లకే అవకాశం అనే నియమం కూడా పెట్టుకున్నారు. ఆ పరిశోధన అక్కడి పన్నుల డబ్బుతో నడిచింది కాబట్టి అక్కడివాళ్లకే హక్కు అని వాళ్ల లెక్క. తర్వాత్తర్వాత దీనికి "గాడ్ కమిటీ" అనే పేరు స్థిరపడింది.

ఇదంతా మొదటి రోజు చెప్పను.

మొదటి గంట

క్లాసుకు ఊరూ పేరూ లేకుండా ఐదు ఫైళ్లు ఇచ్చాను. ఇవి నేను తయారుచేసినవే. ముగ్గురు పిల్లలున్న 38 ఏళ్ల అకౌంటెంటు. ఒంటరిగా ఉంటూ, నిలకడైన ఆదాయం లేని 26 ఏళ్ల గాయని. 44 ఏళ్ల వైద్య పరిశోధకుడు. ఒకప్పుడు జైలుకెళ్లొచ్చి ఇప్పుడు తల్లిని చూసుకుంటున్న 31 ఏళ్ల మెకానిక్. నలుగురు పిల్లల తల్లి, వయసు 35, భర్త బాగా ఉన్నవాడు, భార్యను చేర్చుకుంటే కేంద్రానికి విరాళం ఇస్తానంటున్నాడు. ఖాళీలు రెండు. గ్రూపులుగా కూర్చుని తేల్చమన్నాను.

వాళ్ల వేగం చూస్తే ఎవరికైనా కాస్త భయమేస్తుంది. ఎక్కువ గ్రూపులు అకౌంటెంటునీ, పరిశోధకుణ్ణీ ఎంచుకుని పెన్నులు కింద పెట్టేశాయి. మెకానిక్ పేరు కొన్నిచోట్ల చర్చకే రాలేదు.

అప్పుడు ఒక్క వాక్యంలో కారణం రాయమన్నాను. "వీళ్లవల్ల సమాజానికి ఉపయోగం ఎక్కువ" అని రాశారు, మాటలు అటూ ఇటూగా. మంచిది. ఇప్పుడు అదే వాక్యాన్ని ఐదో ఫైలుకు పెట్టి చూడమన్నాను. భర్త ఇచ్చే విరాళంతో ఇంకో యంత్రం కొంటే ఇంకొందరు బతుకుతారు. సమాజానికి ఉపయోగమే కొలమానమైతే ఐదుగురిలో ముందు తీసుకోవాల్సింది ఆవిడనే. కామర్స్ విద్యార్థి ఒకడు వెంటనే "అవును, తీసుకోవాల్సిందే" అన్నాడు. మిగతావాళ్లు భగ్గుమన్నారు. డబ్బిచ్చి ప్రాణం కొనుక్కోవడమేంటని.

నాకు కావాల్సింది ఆ మంటే. ఎందుకంటే వాళ్లు రాసిన సూత్రం ఒకటి, వాళ్లు నమ్ముతున్నది ఇంకోటి అని వాళ్లకే తెలిసింది. ఇక్కడ విద్యార్థికి దారులు రెండు. సూత్రాన్ని పట్టుకుని, "నా ఇబ్బంది వట్టి అలవాటు, దాన్ని పక్కన పెడతాను" అనొచ్చు. లేదా ఇబ్బందిని పట్టుకుని సూత్రాన్ని సవరించొచ్చు. రెంటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ పోయే ఈ పద్ధతిని తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి వివరించాడు. ఆ పేరు నేను చాలా వారాల తర్వాత చెబుతాను. ముందే చెబితే పరీక్షలో రాసుకునే నిర్వచనం అయిపోతుంది, చేతి పని కాదు.

ఆ గంట చివర్లో సియాటిల్ కమిటీ చిట్టా తెర మీద చూపించాను. చాలా గ్రూపులు రాసుకున్న అంశాలు దాంతో దాదాపు కలిసిపోయాయి. కొందరు సంబరపడ్డారు, "అంటే మేం కరెక్టే!" అని. నేనేమీ అనలేదు.

పొగడ్త చేదైన చోట

తర్వాతి క్లాసుకి ఒక విమర్శ ఇచ్చాను. 1968లో ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడూ, ఒక మానసిక వైద్యుడూ కలిసి ఈ కమిటీ మీద ఘాటుగా రాశారు. మధ్యతరగతివాళ్లు కూర్చుని మధ్యతరగతివాళ్లనే బతికించుకున్నారన్నది వాళ్ల వాదన. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరోలాంటి ఎవరికీ లొంగని మనిషికి కిడ్నీలు పాడైతే ఆ ప్రాంతంలో దిక్కులేదని ఎత్తిపొడిచారు.

సంబరపడ్డవాళ్లు ఇప్పుడు తమ కాగితాలు తీసి మళ్లీ చూసుకున్నారు. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది: "మా గ్రూపులో నలుగురం. నలుగురిలో ఎవరింట్లోనూ మెకానిక్ లేడు. ఉంటే అతని ఫైలు ఎలా చదివేవాళ్లం?" ఉపయోగం అనే మాటకు కొలత ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అమ్మాయికి అర్థమైంది. రాల్స్ చెప్పిన అజ్ఞానపు తెర, అంటే సమాజంలో మన స్థానమేదో మనకే తెలియకుండా నియమాలు రాసుకోవాలన్న ఆలోచన, ఆ ప్రశ్న మీదుగా చాలా తేలిగ్గా క్లాసులోకి వచ్చేసింది. అయిదుగురిలో నువ్వెవరివో తెలియకపోతే ఎలాంటి నియమం అడుగుతావు? జవాబులు వెంటనే మారిపోయాయి.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఈ దశలో పిల్లలు ఇటునుంచి అటు దూకుతారు. నిన్న ఉపయోగమే సర్వస్వం, ఇవాళ ఏ ఎంపికైనా అన్యాయమే. రెండోది మొదటిదానికంటే లోతైనదేమీ కాదు. పడకలు నిజంగా మూడే ఉన్నాయి, ఎవరినీ ఎంచుకోకపోతే అందరూ చనిపోతారు. కమిటీ సభ్యులను తిట్టడం చాలా సులభం. వాళ్ల కుర్చీలో కూర్చుని రేపు పొద్దున్నకి జాబితా ఇవ్వమంటే అప్పుడు తెలుస్తుంది.

రెండు గళ్ల కాగితం

ఫస్టియర్ వాళ్ల వాదనల్లో సగానికి సగం విలువల గురించి కానేకావు, తెలియని వాస్తవాల గురించి. ఇది బయటపెట్టడానికి నేను కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేయిస్తాను. వాదనలో వచ్చిన ప్రతి వాక్యం ఎడమ గడిలోకో కుడి గడిలోకో పోవాలి. ఎడమవైపు, వెతికితే నిజమో కాదో తేలేవి. కుడివైపు, ఎంత వెతికినా అలా తేలనివి.

మెకానిక్ విషయంలో ఒక గ్రూపు రాసింది: "అతను మళ్లీ తప్పు చేస్తాడు." ఇది ఎడమ గడి. ఆధారం ఉందా? ఫైల్లో లేదు. "తప్పు చేసినవాడికి వైద్యంలో హక్కు తక్కువ." ఇది కుడి గడి. ఈ రెండూ కలిపి ఒకే ఊపులో చెప్పినప్పుడు గట్టి వాదనలా వినిపించింది. విడదీసేసరికి మొదటిది ఊహ అని తేలింది, రెండోది బయటికి అనడానికి వాళ్లే వెనకాడారు. ఉన్నదాని గురించిన మాటల్లోంచి ఉండాల్సినదాని గురించిన మాటలోకి జనం చడీచప్పుడు లేకుండా జారిపోతారని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే పట్టుకున్నాడు. ఈ కాగితం ఆ జారుడు ఎక్కడ జరిగిందో చూపిస్తుంది, అంతే.

"మానసిక స్థిమితం" దగ్గర మాత్రం కాగితం సరిగా పనిచేయలేదు. అది ఏ గడి? వైద్యపరంగా కొలవొచ్చంటే ఎడమ. కానీ కమిటీ వాడిన తీరులో, ఈ మనిషి మనం చెప్పినట్టు నడుచుకుంటాడా అన్న అర్థం కూడా కలిసిపోయి ఉంది. క్లాసు రెండుగా చీలింది. నేను ఏ పక్కా తేల్చలేదు. కొన్ని మాటల్లో వాస్తవమూ విలువా పెనవేసుకుపోతాయని వాళ్లు చూడటమే నాకు చాలు.

ఇంట్లో యంత్రం ఉన్న విద్యార్థి

నిజ జీవిత సమస్యలు తీసుకుంటే అవి ఎవరో ఒకరి జీవితంలో ఇప్పటికే ఉండొచ్చు. క్లాసులో ఒకరి ఇంట్లో డయాలసిస్ నడుస్తోంది. ఇలాంటిది ఉంటుందని ముందే అనుకుని, కేసు మొదలుపెట్టే ముందు అందరికీ ఒక మాట చెబుతాను. అంశం ఎవరికైనా బాగా దగ్గరిదైతే వేరే కేసు తీసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మార్కులు తగ్గవు. ఆ విద్యార్థి వచ్చి తాను ఇందులోనే ఉంటానని చెప్పాడు. ఒక్కటే అడిగాడు, తన ఇంటి సంగతి క్లాసులో ఎవరూ ఎత్తకూడదని.

అతను చర్చకు తెచ్చింది చాలా విలువైనది. ఫైళ్లలో "రోగి బతుకుతాడు, లేదా చనిపోతాడు" అని మాత్రమే ఉందనీ, బతకడం అంటే ఏమిటో లేదనీ అన్నాడు. ఆ రోజుల్లో వారానికి రెండుమూడుసార్లు, ఒక్కోసారి రాత్రంతా యంత్రానికి అతుక్కుని ఉండాలి. తిండీ నీళ్లూ కొలిచి తీసుకోవాలి. దాన్ని మోసేది రోగి ఒక్కడే కాదు, ఇంటివాళ్లు కూడా. అయితే ఇంటివాళ్లు ఉన్నవాళ్లకే ఇవ్వాలా అని ఇంకొకరు అడిగారు. అతను ఆలోచించి, "లేనివాళ్లకు మనిషి తోడు ఏర్పాటు చేయాలి, యంత్రంతోపాటు" అన్నాడు. పెళ్లయినవాళ్లకు కమిటీ ఎందుకు మొగ్గు చూపి ఉండొచ్చో అందరికీ అర్థమైంది. అదే కారణాన్ని వేరే నియమంగా మార్చొచ్చని కూడా అర్థమైంది.

ఇక్కడో సంగతి గమనించాను. అనుభవం ఉన్నవాడి మాటకు క్లాసు ఎదురు చెప్పదు. ఆ మౌనం గౌరవమే, కానీ చదువుకు మంచిది కాదు. అతని పేరు ఎత్తకుండా ఆ వాదనను బోర్డు మీద రాసి, దాన్ని మాత్రమే చర్చించమన్నాను. అప్పుడు అభ్యంతరాలు వచ్చాయి, అతనే కొన్నింటిని ఒప్పుకున్నాడు.

గ్రూప్ ప్రాజెక్టు

దూరపు కేసులో గట్టిగా మాట్లాడేవాళ్లు దగ్గరి విషయంలో ఏం చేస్తారో చూడటానికి, మధ్యలో ఒక చిన్న సమస్య పెట్టాను. మీ గ్రూప్ ప్రాజెక్టులో ఒకతను ఏ పనీ చేయలేదు. సబ్మిట్ చేసేటప్పుడు అతని పేరు పెడతారా?

సియాటిల్ కేసులో "సమాజానికి ఏమిచ్చాడు" అని నిలదీసినవాళ్లే ఇక్కడ "పాపం, మన ఫ్రెండే కదా" అన్నారు. ఒకరిద్దరు నిజాయితీగా, పేరు తీసేస్తే హాస్టల్లో మొహం చూపించలేమని చెప్పారు. ఇది పిరికితనమని నేను అనను. స్నేహానికి నైతికంగా బరువుంది, ఉపయోగితావాదం, అంటే మొత్తం మీద ఎక్కువ మేలు చేసేదే సరైనదన్న సిద్ధాంతం, దాన్ని సరిగా తూచలేకపోవడం దాని మీద చాలా పాత ఫిర్యాదు. కానీ అప్పుడు ప్రశ్న తిరగబడుతుంది. తెలిసినవాడికి ఇచ్చే మినహాయింపు మెకానిక్‌కి ఎందుకివ్వలేదు? అతను ఎవరికీ ఫ్రెండు కాదు కాబట్టా? ఈ చిన్న సమస్య లేకపోతే పెద్ద కేసు వాళ్లకు కేవలం చరిత్ర పాఠంలా మిగిలేది.

తిరస్కరించినవాళ్లకు ఉత్తరం

కేసు మొత్తంలో బాగా పనిచేసిన అభ్యాసం ఇదే. ఎంపిక కాని మనిషికి ఉత్తరం రాయాలి. మీ కారణం దాచకుండా చెప్పాలి. అబద్ధం, "అనివార్య కారణాల వల్ల" లాంటి మాటలు కుదరవు.

ఉపయోగాన్ని నమ్మినవాళ్లకు కలం కదల్లేదు. "మీకంటే ఆయన విలువైనవాడని మేం భావించాం" అని రాసి కొట్టేశారు. ఒకరు రాసిన వాక్యం: "మీ పాటలు నేను వినలేదు, అయినా అవి తక్కువ అని తేల్చాను." గాయనికి రాసిన ఉత్తరమది. ఇందులో నాకు నచ్చింది కవిత్వం కాదు, ఆ వాక్యం ఎడమ గడిలో ఉన్న ఖాళీని ఒప్పుకోవడం.

లాటరీ అయితే మంచిదన్న పక్షం అప్పటికే క్లాసులో తయారై ఉంది. వాళ్లకు నీతిశాస్త్ర పండితుడు జేమ్స్ చైల్డ్రెస్ 1970లో చేసిన వాదన చదవమని ఇచ్చాను. అందరినీ కాపాడలేనప్పుడు, వైద్యపరంగా అర్హులైనవాళ్ల మధ్య అదృష్టానికి వదిలేయడమే మనుషులను సమానంగా చూడటం అని ఆయన అన్నాడు. అంతకు ముందు ఏడాది తత్వవేత్త నికొలస్ రెషర్ వేరే దారి చూపాడు. కోలుకునే అవకాశం, ఆయుర్దాయం, కుటుంబంలో పాత్ర, చేసిన సేవ, చేయగల సేవ అన్నీ చూసి, చివరికి దాదాపు సమానంగా మిగిలినవాళ్ల మధ్య మాత్రం చీటీలు వేయమన్నాడు.

లాటరీ పక్షం ఉత్తరాలు తేలిగ్గా రాసేసింది. "మీ పేరు రాలేదు. మీలో లోపం ఏమీ లేదు." చదివి వినిపించాక, మెకానిక్ తరఫున మాట్లాడే పాత్ర తీసుకున్న అమ్మాయి లేచి, "నా తల్లిని చూసుకునేది నేనొక్కణ్ణే. ఆ సంగతి మీరు అసలు చూడనేలేదా?" అంది. లాటరీ పక్షం దగ్గర జవాబు లేదు. చూడకపోవడమే లాటరీ ఇచ్చే గౌరవం, దాని కఠినత్వమూ అదే. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి మాత్రం చివరిదాకా లాటరీ అంటే బాధ్యత తప్పించుకోవడమే అని వాదించాడు. అతన్ని మార్చడానికి నేను ప్రయత్నించలేదు. అతని వాదన గట్టిదే.

ప్రశ్నే మారిన చోట

ఇక్కడిదాకా వచ్చాక, దాచిపెట్టిన రెండు విషయాలు బయటపెట్టాను.

మొదటిది 1964 నాటిది. హైస్కూలు వయసు అమ్మాయి ఒకరికి కిడ్నీలు పోయాయి. వయసు నియమం వల్ల కేంద్రంలో చోటు దొరకలేదు. స్క్రిబ్నర్‌తో కలిసి పనిచేస్తున్న ఇంజనీరు ఆల్బర్ట్ బాబ్ బృందం ఇంట్లోనే వాడుకోగల డయాలసిస్ యంత్రాన్ని కొద్ది నెలల్లోనే తయారుచేసింది. ఆ అమ్మాయి ఇంట్లో దాన్ని పెట్టారు. అక్కణ్ణుంచి ఇంటి డయాలసిస్ అనే దారి పెరిగింది.

రెండోది 1972 నాటిది. అమెరికా పార్లమెంటు కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లలో అత్యధికుల వైద్య ఖర్చును మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కిందికి తెచ్చింది. 1973 నుంచి అది అమల్లోకొచ్చింది. ఎవరిని బతికించాలని తేల్చే కమిటీల అవసరం అక్కడితో పోయింది.

క్లాసులో కొందరికి కోపం వచ్చింది. "ఇది ముందే చెప్పొచ్చు కదా, ఇన్ని వారాలు ఐదుగురిలో ఇద్దరిని ఎంచుకోమని చంపారు!" సరిగ్గా ఆ కోపం కోసమే ముందు చెప్పలేదు. ఇన్ని వారాల్లో "ఖాళీలు రెండే ఎందుకున్నాయి?" అని అడిగినవాళ్లు చాలా కొద్దిమంది, వాళ్లను కూడా గ్రూపులో మిగతావాళ్లు "కేసు అలాగే ఇచ్చారు" అని ఆపేశారు. కొరతను ప్రకృతి ధర్మంలా తీసుకున్నారు. ఆ మూడు పడకల వెనక ఒక బడ్జెట్టు ఉంది, ఆ బడ్జెట్టు వెనక మనుషుల నిర్ణయాలున్నాయి.

అయితే ఇది సుఖాంతంగా ముగిస్తే మోసం అవుతుంది. ఇంటి యంత్రం కథలో ముల్లుంది. ఆ అమ్మాయి తండ్రి ఇంజనీరు బాబ్‌కి స్నేహితుడు. వేరే ఎంతోమంది పిల్లలకు అలాంటి తండ్రి స్నేహితులు లేరు. గ్రూప్ ప్రాజెక్టులో స్నేహితుడి పేరు పెట్టినవాళ్లు ఇక్కడ ఇరుక్కున్నారు. పరిచయం వల్ల మొదలైన పని తర్వాత వేలమందికి ఉపయోగపడింది, మరి ఆ మొదలు తప్పా? దీని మీద వచ్చిన వాదనలే సెమిస్టరులో అన్నింటికంటే మెరుగ్గా ఉన్నాయి. ఒకరు, పరిచయం వల్ల పని మొదలుపెట్టడం తప్పు కాదు, అందరికీ ఉన్న పడకను పరిచయస్తులకు ఇచ్చి ఉంటే తప్పయ్యేది అని విడదీశారు. ఇంకొకరు, ఇంజనీరు సమయం కూడా అందరికీ ఉన్న వనరే అని కొట్టిపారేశారు.

1972 చట్టం వల్ల కూడా కొరత మాయమైపోలేదు, చోటు మారింది. మార్పిడికి అవయవాలు దొరక్క వెయిటింగ్ లిస్టులు పెరిగాయి. 2020 మార్చిలో ఇటలీలో ఐసీయూ వైద్యుల సంఘం, పడకలు చాలకపోతే వయసు పరిమితి పెట్టుకోవాల్సి రావచ్చని మార్గదర్శకాల్లో రాసింది. ఆ ముక్క చదివినప్పుడు క్లాసు ప్రవర్తన మారిన తీరు చూశాను. ఎవరికి ఇవ్వాలన్న చర్చ మొదలుపెట్టే ముందే, ఎన్ని పడకలున్నాయి, పక్క ప్రాంతాలకు పంపే వీలుందా, ఈ నియమం ఎవరు రాశారు, రోగుల తరఫున ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎడమ గడి ముందు నిండింది.

రాత, మార్కులు

చివరి పేపరుకు ముందు వచ్చిన ప్రశ్న, చాట్‌బాట్ వాడొచ్చా అని. దాన్ని కూడా కేసుగా తీసుకుని కాసేపు చర్చించాం, అంతకుమించి సాగదీయలేదు. నా ఇబ్బంది కాపీ గురించి తక్కువ. ఈ సియాటిల్ కేసు బాట్‌కి ఇస్తే ఒక వైపు ఇది, మరో వైపు అది, ఆలోచించి నిర్ణయించుకోవాలి అని చక్కని పేజీ వస్తుంది. ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ ఏదీ పణంగా పెట్టరు. నా మార్కుల పద్ధతిలో ఆ పేజీకి పెద్దగా రాదు. నేను చూసేవి వేరు. తప్పని ఎవరైనా నిరూపించగలిగేంత స్పష్టంగా ఒక మాట అన్నావా? నీ ప్రత్యర్థి వాదనను అతను చదివి "అవును, నేనన్నది ఇదే" అనేలా రాశావా? ఏ వాస్తవం బయటపడితే నీ అభిప్రాయం మార్చుకుంటావో చెప్పావా? ఏ పక్షం తీసుకున్నారన్నదానికి మార్కుల్లేవు.

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది ఆగిపోయారు. అభిప్రాయం మార్చుకోవడం ఓటమి అన్న భావన స్కూలు డిబేట్ల నుంచి వచ్చిందేమో అని నా అనుమానం. బాగా రాసిన పేపర్లలో ఒకటి ఆ లాటరీ వ్యతిరేకి ఇంజనీరింగ్ విద్యార్థిది. కమిటీ ఎంపిక చేసినవాళ్లు మిగతావాళ్లకంటే నిజంగా ఎక్కువకాలం బతికినట్టు తేలకపోతే తాను లాటరీకి ఒప్పుకుంటానని రాశాడు.

వచ్చే బ్యాచ్‌కి

ఐదు ఫైళ్లు అలాగే ఉంటాయి. విరాళం ఇస్తానన్న భర్త ఫైలు లేకపోతే మొదటి గంట పనిచేయదు. కమిటీలో కార్మిక నాయకుడు ఉన్న సంగతి ఈసారి గట్టిగా గుర్తుచేస్తాను. మధ్యతరగతి కమిటీ అన్న విమర్శను పిల్లలు మరీ సులభంగా మింగేశారు, ఎవరూ ఆ సభ్యుల జాబితాతో సరిచూడలేదు. ఇంటి యంత్రం కథను 1972 చట్టం నుంచి విడదీసి వేరే వారంలో పెడతాను, రెండూ ఒకేసారి వస్తే చట్టం గురించిన చర్చ నలిగిపోతోంది. ప్రభుత్వం డయాలసిస్‌కి డబ్బిచ్చి ఇతర జబ్బులకు ఎందుకివ్వలేదన్న ప్రశ్నకు ఈసారి సమయమే దొరకలేదు. అది చట్టం గురించి మాట్లాడే వారంలో వస్తుంది.